ఊరికే కబుర్లు, సగం వాషింగ్టన్‌వి

పోయిన వారం మనం బెర్నిస్ కోవల్‌చిక్ చూపుడువేలిని గాల్లోనే వదిలేసి వచ్చేశాం. ఆ వేలు ఇంకా అక్కడే ఉంది, ఆర్డిస్ మోయెన్ ముక్కుకి జానెడు దూరంలో. బెర్నిస్ షికాగో నుంచి ఫెడరల్ ప్రభుత్వం పంపిన పరిశీలకురాలు. ఆర్డిస్ పనిచేసేది మిన్నెసోటా ఉత్తరపు కొసన, మంచులో సగం కూరుకుపోయిన స్వాన్ రాపిడ్స్ అనే ఊళ్లో, హాల్వర్ కౌంటీ అనే జిల్లా వాళ్ల చిన్న సహాయ కార్యాలయంలో. ఆహార కూపన్లకీ వైద్య సాయానికీ దరఖాస్తులు తీసుకునేది అక్కడే. ఆ పథకాలు నడపడానికయ్యే ఖర్చులో సగం వాషింగ్టన్ ఇస్తుంది, మిగతా సగం కౌంటీ పెట్టుకుంటుంది. అలా ఉండాలి. కానీ రెండేళ్లుగా వాషింగ్టన్ వాటా చిక్కిపోతోంది, కౌంటీ వాటా బలుస్తోంది. ఇక భరించలేమని, రేపు సాయంత్రం కౌంటీ బోర్డు ఈ ఆఫీసుని మూసేయడానికి తీర్మానం పెడుతోంది.

మూసేస్తే ఈ ఊరివాళ్లు కూపన్ల కోసం గడ్డకట్టిన రోడ్డు మీద గంటన్నర బండి నడిపి కౌంటీ కేంద్రమైన హాల్వర్ పట్నానికి వెళ్లాలి. బండి లేనివాళ్లు వెళ్లరు. ఉన్నవాళ్లలో కూడా చాలామంది వెళ్లరు. ఆ సంగతి ఆర్డిస్‌కి బాగా తెలుసు. అందుకే మూడు రోజులుగా ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు.

"నేనేం కల్పించి చెప్పడం లేదు," అంది బెర్నిస్, వేలు దించకుండానే. "మీ నోటితో మీరే ఒప్పుకున్నారు. ఎప్పుడు ఫోను చేసినా, ఏం లేదండీ, ఊరికే ఉన్నాం, కబుర్లు చెప్పుకుంటున్నాం. సగం పొద్దు కబుర్లేనా ఇక్కడ?"

ఆ ఫోను సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఏ ఉద్యోగి ఏ పథకానికి ఎంతసేపు పనిచేశాడో రోజూ రాయించడం తలనొప్పి వ్యవహారం. అందుకని రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో ఒక యంత్రం చీట్లు తీసినట్టు ఎవరిదో ఒక పేరూ, ఏదో ఒక నిమిషమూ తీస్తుంది. సరిగ్గా ఆ నిమిషానికి ఆ మనిషికి ఫోను మోగుతుంది. "ఈ నిమిషంలో ఏం చేస్తున్నారు?" అని అడుగుతారు. కూపన్ల పని అంటే కూపన్ల పద్దు, వైద్యం పని అంటే వైద్యం పద్దు. ఆ రెండింటికీ వాషింగ్టన్ సగం పెడుతుంది. ఏ పథకమూ కాదంటే ఆ ఖర్చు మొత్తం కౌంటీ నెత్తినే. మూడు నెలల జవాబులన్నీ కలిపి చూసుకుని వాషింగ్టన్ తన వాటా తేలుస్తుంది.

అబద్ధం చెప్పడం ఆర్డిస్‌కి రాదు. గొప్ప చెప్పుకోవడం అంతకంటే రాదు. ఈ రెండూ రాని మనిషికి వాదన ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఒట్టి కబుర్లంటే ఒట్టివే కాదండీ," అంది చివరికి. "కానీ కబుర్లే."

"అదే నేను రాసుకుంటున్నా," అంది బెర్నిస్.

వెనక కాఫీ కుండ దగ్గర నిలబడ్డ లవాన్, ఆఫీసులో రెండో ఉద్యోగిని, చప్పుడు కాకుండా నిమ్మకాయ కేకు ముక్కలు పళ్లెంలో సర్దుతోంది. భయం వేస్తే లవాన్ కేకు చేస్తుంది. ఈ మూడు రోజుల్లో ఆఫీసులో కేకు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు ఆర్వో లెహ్తినెన్ లోపలికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, అడవిలో కర్ర కొట్టి మిల్లుకి తోలుకునేవాడు. బూట్లు గుమ్మం దగ్గర తన్ని మంచు దులుపుకుని, లోపల కొత్త మనిషిని చూసి అక్కడే ఆగిపోయాడు.

"పని మీద రాలేదమ్మాయ్," అన్నాడు ఆర్డిస్‌తో. "అటుగా పోతూ, కాస్త చలి కాచుకుందామని."

"మంచి పని చేశావు. కాఫీ పోయనా?"

"వద్దొద్దు. ఇబ్బంది పడకు."

"ఇబ్బందేముంది, కాచిందే ఉంది."

"ఇంట్లో తాగే వచ్చా."

"పోనీలే, ఎలాగూ పారబోయాల్సిందే."

"పారబోసేదైతే సరే, అర కప్పు పొయ్యి."

ఆర్డిస్ కప్పు నిండా పోసింది. ఆర్వో అభ్యంతరం చెప్పలేదు. బెర్నిస్ మాత్రం గడియారం చూసుకుంది. షికాగోలో ఇంతసేపట్లో ఒక వరస మొత్తం కదిలిపోతుంది మరి. ఆవిడ ఇక ఉండబట్టలేక, తన వాళ్లతో మాట్లాడే పద్ధతిలోనే గలగలా అడిగేసింది.

"మీకేం కావాలి సార్? కూపన్లా? దరఖాస్తు ఇవ్వమంటారా?"

ఆర్వో ముఖం ఎర్రబడింది. కప్పు బల్ల మీద పెట్టేసి టోపీ అందుకున్నాడు. "నాకేం అక్కర్లేదమ్మా. నేను వెళ్తా."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆర్డిస్ పైఅధికారితో ఎదురు మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడింది. "మేడమ్, మీరు కాసేపు ఆ కేకు తినండి," అంది.

గొంతు మెత్తగానే ఉంది. కానీ అందులో ఏముందో, బెర్నిస్ నోరు మూసుకుని కుర్చీలో కూర్చుని కేకు అందుకుంది. లవాన్ రెండో చేతిలో ఇంకో ముక్క పెట్టింది, ఎందుకైనా మంచిదని.

"కూర్చో ఆర్వో," అంది ఆర్డిస్. "ఆవిడ షికాగో మనిషి. అక్కడంతా పరుగులే. సరస్సు ఎలా ఉంది?"

ఆర్వో నెమ్మదిగా మళ్లీ కూర్చున్నాడు. "మంచు గట్టిగానే ఉంది. కిందున్న చేపలకే మనమంటే గిట్టడం లేదు."

"ఈసారి పడవకి రంగు వేయిస్తానన్నావుగా?"

"ఆ పడవా... బెమిడ్జి నుంచి ఒకతను వచ్చి పట్టుకుపోయాడు. వేసవి దాకా చోటు దండగ కదా, ఇచ్చేశా."

"మంచి పడవ."

"మరీ అంత పాడుది కాదులే."

"మిల్లుకి కర్ర తోలుతున్నావా?"

"మిల్లువాళ్లు ఇప్పుడు పెద్ద లారీలవాళ్ల దగ్గరే కొంటున్నారు. నాకూ మంచిదే, నడుముకి విశ్రాంతి." ఒక గుక్క తాగాడు. "హెల్మీ నన్ను తిడుతోంది, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నానని."

"మీ చెల్లెలు నీ దగ్గరికి వచ్చేసిందా?"

"ఆకులు రాలినప్పటి నుంచీ నా దగ్గరే. మెట్లెక్కలేకపోతోంది. తుంటి. కోసి బాగుచెయ్యాలన్నాడు డాక్టరు. డాక్టర్లన్నాక ఏదో ఒకటి అంటారు కదా."

అప్పుడు మోగింది ఫోను. ఆర్డిస్ చెయ్యి చాపి అందుకుంది.

"నేనేనండీ... ఇప్పుడా? అబ్బే, ఏం లేదండీ. కాఫీ తాగుతూ ఊరికే కబుర్లు... లేదండీ, ఏ పథకమూ కాదు... మీకూ మంచు బాగా పడుతోందా? జాగ్రత్తగా ఇంటికి వెళ్లండి." ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టే ఆర్వో వైపు తిరిగింది. "హెల్మీకి కేకు పంపిస్తా, తీసుకెళ్లు."

బెర్నిస్ చేతిలోని కేకు ముక్క నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆర్వో లేచాడు. కాఫీ బాగుందన్నాడు. కోటు వేసుకున్నాడు, గుండీలు పెట్టుకున్నాడు, వాతావరణం గురించి ఇంకో మాట అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు, చేతికి తొడుగులు వేసుకున్నాడు, రోడ్డు జారకుండా ఇసుక చల్లేవాళ్ల గురించి ఇంకో మాట అన్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ఇక్కడివాళ్లు వచ్చిన పని చెప్పేది అప్పుడే. అంతకు ముందు చెప్తే అడుక్కున్నట్టుంటుంది. చెప్పేటప్పుడు కూడా మనిషిని చూడరు. ఆర్వో తలుపు పిడితో చెప్పుకున్నాడు.

"హెల్మీకి పెద్దగా ఆకలి ఉండదులే. నేనే అంటున్నా, ఒక్కపూట వండుకుంటే చాలదా అని. ఆ కూపన్లూ అవీ... మాకన్నా అవసరం ఉన్నవాళ్లకి ఇవ్వాలి కదా?"

ఆర్డిస్ లేవలేదు. అయ్యో అనలేదు. టీకప్పులు కడగడం గురించి మాట్లాడుతున్నట్టే మాట్లాడింది. "వాళ్లందరికీ ఇచ్చాక కూడా మిగిలే ఉన్నాయి ఆర్వో. ఎందుకు పంచడం లేదని పైనుంచి మాకు ఒకటే మాటలు. ఇదిగో, ఈవిడ షికాగో నుంచి అందుకే వచ్చారు. నువ్వు తీసుకుంటే మాకు సాయం చేసినట్టే."

ఆర్వో బెర్నిస్ వైపు చూశాడు. బెర్నిస్ కేకు మింగేసింది.

"నిజమే సార్," అంది గంభీరంగా. "మాకు చాలా కోపంగా ఉంది."

"సాయమంటే కాదంటానా?" అన్నాడు ఆర్వో, కాస్త నిటారుగా నిలబడి.

నిలబడే సంతకం పెట్టాడు. అడగాల్సినవి అన్నీ అప్పటికే అడగడం అయిపోయింది, ఆయనకే తెలియకుండా. అత్యవసరం కింద కొన్ని కూపన్లు అప్పటికప్పుడే చేతిలో పెట్టి, హెల్మీ వైద్యం సంగతి చూడటానికి తనే ఇంటికి వస్తానని చెప్పి, కేకు పొట్లం చంకలో పెట్టి పంపించింది ఆర్డిస్. కిటికీలోంచి చూస్తే ముసలాయన నడక వచ్చినప్పటి నడకలా లేదు.

తలుపు మూసుకోగానే బెర్నిస్ లేచి నిలబడింది.

"సెయింట్ పాల్ నుంచి ఫోను వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు?"

"కబుర్లు... చెప్పానుగా మేడమ్."

"ఏం కబుర్లు? పడవ అమ్ముకున్నాడని ఎలా తెలిసింది? మిల్లు డబ్బు రావడం లేదని ఎలా తెలిసింది? ఇంట్లో ఇంకో మనిషి చేరిందని? ఆవిడకి ఆపరేషన్ కావాలని?"

"ఆయనే చెప్పాడు."

"మీరు అడిగారు! ఆస్తి అడిగారు, సంపాదన అడిగారు, కుటుంబం అడిగారు, జబ్బు అడిగారు! దీన్ని మా భాషలో ఇంటర్వ్యూ అంటారమ్మా తల్లీ! వాషింగ్టన్ సగం ఖర్చు పెట్టేదే దీనికి!"

ఆర్డిస్ అయోమయంగా చూసింది. "కానీ... కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాను కదండీ. దాన్ని పని అని ఎలా చెప్పుకుంటాం? గొప్పలు పోయినట్టుండదూ?"

"నేనూ అంతే చెప్పాను," అంది లవాన్ సన్నటి గొంతుతో. "మొన్న నాకు ఫోను వచ్చినప్పుడు, కుక్క గురించి మాట్లాడుతున్నానన్నా. నిజంగా కుక్క గురించే మాట్లాడాం. మిసెస్ తోర్సన్ ఉన్న కాస్త తిండీ కుక్కకి పెట్టి తను పస్తుంటోందని తెలిసింది. మర్నాడే కూపన్లు ఇచ్చాం."

బెర్నిస్ రెండు చేతులతో తల పట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని లవాన్ కేకు కోసం వెతికింది. బెర్నిస్ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకుని కుర్చీలో కూలబడింది.

"నా ఉద్యోగం మొదలుపెట్టినప్పటి నుంచీ చెయ్యని పనిని చేశామని చెప్పేవాళ్లనే పట్టుకుంటున్నా," అంది. "చేసిన పనిని చెయ్యలేదని చెప్పేవాళ్లని ఇదే చూడటం. కాఫీకి సగం మేమిస్తామంటూ వాషింగ్టన్ డబ్బు పట్టుకుని కూర్చుంటే, వద్దొద్దు ఇబ్బంది పడకండి అని రెండేళ్లుగా తిప్పి పంపిస్తున్నారు! ఆ బిల్లంతా కౌంటీ కట్టుకుంది!"

ముందు లవాన్ నవ్వింది. తర్వాత ఆర్డిస్‌కీ ఆగలేదు. తన వల్లే ఆఫీసు పోతోందని మూడు రోజులుగా మోస్తున్న బరువు, ఆ నవ్వులో ఎక్కడో జారిపోయింది. నిజానికి తన వల్లే పోతోంది. కానీ పని చెయ్యక కాదు. ఆ తేడా ఆవిడకి చాలా పెద్దది. చేసినదంతా పనేనని ఒకరు, అందులోనూ షికాగో మనిషి, గట్టిగా అరిచి చెప్పడం ఆవిడ జీవితంలో ఇదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి కూడా ఆవిడకి మొహమాటమే.

"ఫోను తియ్యండి," అంది బెర్నిస్. "ఇవాళ చెప్పిన తప్పు ఇవాళే దిద్దుకోవచ్చు. ఆ నిబంధన ఉంది."

"ఇప్పుడా? మళ్లీ వాళ్లని ఇబ్బంది పెట్టడం..."

"తియ్యండి!"

ఆర్డిస్ నంబరు తిప్పింది. మెడ దాకా ఎర్రబడిపోయింది. "ఇందాక మాట్లాడినది నేనేనండీ, స్వాన్ రాపిడ్స్ నుంచి... ఒక చిన్న దిద్దుబాటు. మీకు తీరికైతేనే... ఆ నిమిషంలో నేను కాస్త పనిలాంటిదే చేస్తున్నానండీ."

"లాంటిది తీసెయ్యండి!" అంది బెర్నిస్.

"పనే చేస్తున్నానండీ, కొంచెం."

"కొంచెం కూడా!"

ఆర్డిస్ కళ్లు మూసుకుంది. "పని చేస్తున్నాను," అంది. అవతల అమ్మాయి తాపీగా, ఏ పథకమండీ అని అడిగింది. ప్రపంచమేమీ తలకిందులు కాలేదు. ఆర్డిస్ కళ్లు తెరిచింది. "ఆహార కూపన్లు," అంది. వెంటనే ఎక్కడలేని ధైర్యంతో కలిపింది. "వైద్య సాయం కూడా. తుంటి ఎముక."

ఫోను పెట్టగానే బెర్నిస్ ఆవిడని గట్టిగా కౌగిలించుకుంది. ఆ ఊళ్లో పెళ్లికి కూడా చేతులు కలిపి ఊరుకుంటారు. ఆర్డిస్ కొయ్యలా నిలబడి, ఈ చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియక బెర్నిస్ వీపు మీద రెండు సార్లు తట్టింది. లవాన్ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ సంబరం కాస్త సద్దుమణిగాక బెర్నిస్ అసలు సంగతి చెప్పింది. పాత జవాబులు మార్చడం కుదరదు. కానీ ఇకమీదట సరిగ్గా చెప్తే వాషింగ్టన్ వాటా మళ్లీ పెరుగుతుంది, ఆఫీసు నడవడం కౌంటీకి భారం కాదు. అదంతా ఆవిడ తన నివేదికలో రాస్తుంది. ఆ నివేదిక బయటికి రావడానికి నెల పడుతుంది. ఓటు రేపే.

"మీరొచ్చి చెప్పకూడదా?" అంది లవాన్.

"కౌంటీ బోర్డులో నేను నోరు విప్పకూడదు. అది మీ ఇంటి వ్యవహారం. మీలో ఒకరు నిలబడి, మేం చేసేది ఇదీ అని చెప్పాలి. ఇందాక నేను చూసింది వాళ్లకి చూపించాలి."

"నేను చర్చిలో ప్రకటన కూడా చదవను," అంది ఆర్డిస్ వెంటనే. "లవాన్ చెప్తుంది."

లవాన్ అప్పటికే ఫోనులో ఉంది. బోర్డు సమావేశమయ్యే హాల్వర్ కోర్టుహౌసు గుమాస్తాతో మాట్లాడుతోంది. "రేపు మాట్లాడేవాళ్లలో ఒక పేరు రాసుకో. మోయెన్. ఆర్డిస్ మోయెన్. అవును, మా ఆర్డిసే. నేనూ నమ్మలేకపోతున్నా."

ఆర్డిస్ ఆ ఫోను లాక్కుని పేరు కొట్టించేద్దామనుకుంది. ముందుకు ఒక అడుగు కూడా వేసింది. కానీ ఆర్వో గుర్తొచ్చాడు. హాల్వర్ ఆఫీసులో అద్దం కిటికీ ఉంటుంది, అందులో చిన్న కన్నం, పైన ఎవరి వంతో చూపించే ఎర్ర అంకెలు. ఆ కన్నంలోంచి, మీకేం కావాలి అని అడుగుతారు. ఏమీ అక్కర్లేదని చెప్పి ఆర్వో తిరిగొచ్చేస్తాడు. హెల్మీకి ఆకలి ఉండదులే అనుకుంటూ ఒక్కపూట వండుకుంటాడు. ఆర్డిస్ ఆగిపోయింది.

"సరే, నేనే మాట్లాడతా," అంది.

"శభాష్!" అంది బెర్నిస్. "ఇంతకీ మూసెయ్యాలని తీర్మానం పెట్టింది ఎవరు?"

"రోల్ఫ్ ఎంగ్‌స్ట్రోమ్," అంది లవాన్, కిటికీలోంచి రోడ్డు అవతలి కొట్టు చూపిస్తూ. చేపల ఎరలూ పెట్రోలూ అమ్ముతారక్కడ. "మా ఊరి తరఫున బోర్డులో ఉన్న కమిషనర్. ఎదురుగానే ఉంటాడు, ఒక్కసారి ఈ గుమ్మం తొక్కలేదు. ఇక్కడ ఏం జరుగుతుందో ఆయనకేం తెలుసు?"

ఆర్డిస్ కప్పులు ఏరడం మొదలుపెట్టింది.

లవాన్ ఈ ఉద్యోగంలో చేరడానికి ముందటి శీతాకాలంలో, రోల్ఫ్ కొట్టు కొన్నాళ్లు మూతపడింది. భార్య ఆసుపత్రిలో ఉంది. ముగ్గురు చిన్నపిల్లలు. అప్పుడు ఇదే తలుపు పిడి పట్టుకుని, వీపు ఇటు తిప్పి, ఆయన నాలుగు మాటలు అన్నాడు. ఆర్డిస్ ఆ మాటలు ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని చట్టం ఉంది. చట్టం లేకపోయినా చెప్పేది కాదు. కానీ రేపు ఆ గదిలో, జనం ఇక్కడికి ఎలా వస్తారో, వచ్చిన పని ఎలా చెప్తారో, ఎంత సిగ్గుపడుతూ చెప్తారో ఆవిడ చెప్పాలి. పేరు ఎవరిదీ ఎత్తదు. అయినా ఎదురుగా బల్ల వెనక కూర్చున్న మనిషికి ప్రతి మాటా తనదేనని తెలుస్తుంది.

హాల్వర్ గుమాస్తా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ముగ్గురికీ వెంటనే తెలిసొచ్చింది. రోడ్డు అవతల ఎరల కొట్టు తలుపు తెరుచుకుంది. రోల్ఫ్ ఎంగ్‌స్ట్రోమ్ కోటు కూడా వేసుకోకుండా, ఒట్టి చొక్కాతో, మంచులో రోడ్డు దాటి నేరుగా ఇటే వచ్చాడు. బూట్లు దులుపుకోలేదు. లవాన్‌నీ బెర్నిస్‌నీ అసలు చూసినట్టే లేదు. ఆయన కళ్లు ఆర్డిస్ మీదే ఉన్నాయి.

"రేపు మాట్లాడుతున్నావట."

"మాట్లాడుతున్నా, రోల్ఫ్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. పెద్ద మనిషి, పదిమందిలో గట్టిగా మాట్లాడే మనిషి. ఇప్పుడు తలుపు పిడి వదలకుండానే మాట్లాడాడు.

"ఆ చలికాలం నేను ఇక్కడికొచ్చి ఏం అడిగానో," అన్నాడు, "అది కూడా చెప్తావా?"

లవాన్ చేతిలోని పళ్లెం జారి నేల మీద పడింది.